వాడ నుంచి – 23: తొవ్వ ఎవరిది?



ఎస్సీ హాస్టళ్ల మీద రెండో భాగం ఈ ఆదివారం పెడతానని మాటిచ్చాను. దాన్ని వచ్చే వారానికి జరుపుతున్నాను. ఈ వారం ఒక గేటు గురించి రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మా ఊరు వికారాబాద్ పక్కన, అనంతగిరి గుట్టల కింద. మూసీ పుట్టేది ఈ గుట్టల్లోనే. నా చిన్నప్పుడు పట్నం నుంచి ఇటు వచ్చేవాళ్లు రెండే రకాలు. పద్మనాభస్వామి గుడికి పోయేవాళ్లు, టీబీ దవాఖానకు పోయేవాళ్లు. ఇప్పుడు మూడో రకం తయారైంది. శనివారం రాత్రి గుడారాల్లో పడుకుని, ఆదివారం పొద్దున్నే వరుసగా నడిచేవాళ్లు. వాళ్లు నడిచేదాన్ని లూప్ ట్రయల్ అంటారు. కారు పెట్టిన చోట మొదలై, అడవిలోంచి, వాగు దాటి, చేన్ల గట్ల మీదుగా తిరిగి మళ్లీ కారు దగ్గరికే చేరే బాట.

నడవడం మంచిదే. నడిచేవాళ్ల మీద నాకు కోపం లేదు. జరిగింది చెప్తాను, మీరే ఆలోచించండి.

పోయిన నెల మా పెద్దమ్మ చనిపోయింది. మా వాడ నుంచి బొందలగడ్డకు ఒక బండ్ల బాట ఉంది. కిలోమీటరు కూడా ఉండదు. వాగు పక్కనుంచి పోయి, చింతచెట్టు దగ్గర మలుపు తిరుగుతుంది. మా తాతను, నాయనమ్మను, మా అమ్మను ఆ బాటలోనే తీసుకుపోయాం. నాలుగేండ్ల కింద బాటకు రెండు దిక్కులా ఉన్న చేన్లు పట్నం ఆసామి ఒకాయన కొన్నాడు. ఫెన్సింగ్ వచ్చింది. మొదట్లో గేటు లేదు. తర్వాత గేటు వచ్చింది, తాళం లేదు. ఆ తర్వాత తాళం కూడా వచ్చింది.

పెద్దమ్మ పాడె ఆ గేటు ముందు ఆగింది. డప్పులు ఆగినయి. వాచ్‌మన్ పక్కూరి పిల్లగాడు, మాకు వరసకు కొడుకు అవుతాడు. తల ఎత్తలేదు. "సార్ ఫోన్ ఎత్తుతలేడు పెదనాయినా. అడగకుండ తీస్తే నా నౌకరి పోతది" అన్నాడు. వాడి మీద అరిచి ఏం లాభం? తార్రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి పోయాం. మూడు కిలోమీటర్లు. పాడె మోసినవాళ్లు నాలుగు సార్లు భుజం మార్చుకున్నారు.

మూడో రోజు ఆదివారం. పిట్టకు పెట్టడానికి అన్నం, కూర, కల్లు పట్టుకుని ఏడెనిమిది మందిమి బయల్దేరాం. గేటు బార్లా తీసి ఉంది. ముప్పై మంది దాకా పిల్లలు. ఒకే రంగు టీషర్టులు, మంచి మంచి బూట్లు, చేతుల్లో కర్రలు. ముందు నిలబడ్డతను చెప్తున్నాడు: ఆరు కిలోమీటర్ల లూప్, సగం అడవి, సగం చేన్లు, తొమ్మిదిన్నరకల్లా టిఫిన్. వాచ్‌మన్ చేతిలో కాగితం ఉంది. పేర్లు చూసుకుంటూ ఒక్కొక్కరినే లోపలికి పంపుతున్నాడు. నన్ను చూసి మెల్లగా అన్నాడు: "వీళ్లు బుక్ చేసుకున్నరు పెదనాయినా. వీళ్ల ఎనకాలే మీరు కూడ పొండి, ఎవ్వలు సూడరు."

పోయాం. మా పెద్దమ్మ సమాధి దగ్గరికి మా సొంత బాటలో, ఒక ట్రెక్కింగ్ గుంపుకు తోకలాగా పోయాం.

చింతచెట్టు దగ్గర ఒక అమ్మాయి వెనక్కి తిరిగి అడిగింది: "అంకుల్, ఈ ట్రయల్ వ్యూపాయింట్‌కేనా?"

"కాదు బిడ్డా. బొందలగడ్డకు" అన్నాను.

మా చేతుల్లో గిన్నెలు చూసింది. టోపీ తీసి పక్కకు జరిగి నిలబడింది. ఆ పిల్ల మంచిది. అందుకే ఈ రాత ఆ పిల్లలాంటి వాళ్ల కోసం కూడా రాస్తున్నాను.

ఆ రాత్రి ఈ సంగతి నాలుగు లైన్లు రాసి పెడితే, మూడు రకాల జవాబులు వచ్చాయి. ఒక్కోదానికి సమాధానం చెప్తాను.

మొదటిది: "అడవికి కులం ఉండదన్నా. మీరు నడకలోకి కూడా కులాన్ని తెస్తారు."

తమ్ముడూ, నువ్వు నడిచిన ఆ బాట ఎట్లా పుట్టిందో తెలుసా? దాన్ని ఏ కంపెనీవాడూ కనిపెట్టలేదు. మా అమ్మలు, మేనత్తలు కట్టెల మోపులు మోసీ మోసీ గడ్డి అరిగి ఆ బాట పడ్డది. సీతాఫలాల కాలంలో చీకటితోనే గుట్ట ఎక్కి, గంపలు నెత్తిన పెట్టుకుని వికారాబాద్ స్టేషన్ దాకా నడిస్తే పడ్డది. కట్టెల మోపుతో దొరికితే గొడ్డలి గుంజుకున్నారు, మోపు కింద పడేయించారు. అదే అడవిలోకి ఇప్పుడు బ్యాగు తగిలించుకుని పోతే నువ్వు ప్రకృతి ప్రేమికుడివి. మా అమ్మ మటుకు దొంగ.

2006 అటవీ హక్కుల చట్టం వచ్చిందని సంబరపడ్డాం. అడవి అంచున బతికే దళితులు ఆ చట్టంలో ఏ గంపలో పడతారో చూడండి. 'ఇతర సంప్రదాయ అటవీ నివాసులు' అనే గంపలో. అంటే 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలు, 75 ఏండ్లు, అక్కడే ఉన్నామని రుజువు చూపాలి. 1930లో అడవి అంచున ఉన్న మాదిగ గుడిసెకు ఎవడు కాగితం ఇచ్చాడు? కాగితం రాసేవాడికి మా వాడలోకి వస్తే మైల అంటుకునే కాలం అది.

ఇక మా నాయన. ఆయన సుంకరి. తరాల నాటి వెట్టికి సర్కారు తర్వాత ఇచ్చిన మర్యాదైన పేర్లు ఎన్నున్నా ఊళ్లో పిలుపు అదే. పట్వారీ కబురు చెప్తే పక్కూరికి నడవాలి. అధికారి వస్తే సామాను మోసుకుంటూ, దారి చూపుతూ ముందు నడవాలి. సర్వేయర్ వస్తే గొలుసు పట్టాలి. 33 అడుగుల గొలుసు. ఒక కొస సర్వేయర్ దిక్కు, ఇంకో కొస మా నాయన చేతిలో. ముండ్లలోంచి, బురదలోంచి గొలుసు గుంజుకుంటూ పోయేది ఆయనే. ఊళ్లో ప్రతి హద్దురాయి ఎక్కడుందో ఆయనకు తెలుసు. ఊరి భూమి అంతా కొలిచిన మనిషికి సొంత భూమి ఎకరం ఇరవై గుంటలు. అదీ అసైన్‌మెంట్, అదీ రాళ్లల్ల.

గైడ్ అనే మాట మీరిప్పుడు వింటున్నారు. మా వాళ్లు తరతరాలుగా గైడ్లే. కూలి లేని గైడ్లు.

ట్రెక్కింగ్ వాళ్లకు ఒక మంచి నియమం ఉంది. అడవిలో అడుగుజాడలు తప్ప ఏదీ వదిలిరావద్దు అని. చెత్త వేయొద్దు అనే అర్థంలో ఒప్పుకుంటాను. కానీ అది చదివిన ప్రతిసారీ నాకు 'కుల నిర్మూలన'లో అంబేడ్కర్ చెప్పిన పూనా గుర్తుకొస్తుంది. పీష్వాల రాజ్యంలో అంటరానివాడు నడుముకు చీపురు కట్టుకుని నడవాలి. తన అడుగుజాడలను తానే ఊడ్చుకుంటూ పోవాలి. వెనక వచ్చే హిందువు వాటిని తొక్కి మైలపడకూడదు కాబట్టి. ఒకరికి అడుగుజాడ వదలడం సంస్కారం. ఇంకొకరికి అడుగుజాడ వదలడం నేరం. అడవికి కులం లేదని చెప్పే ముందు ఈ రెండు అడుగుల మధ్య తేడా ఏందో చెప్పు తమ్ముడూ.

రెండో జవాబు: "ఇది ప్రైవేటు భూమి తగాదా. సివిల్ కోర్టుకు పొండి. గేటు పెట్టినాయన మీ కులం చూసి పెట్టలేదు."

సరే, గేటు పెట్టినాయన మనసులో ఏముందో నాకు తెలియదు. కంటికి కనపడేది చెప్తాను. ఆ ఫామ్‌హౌస్ పడమటి దిక్కున ఇంకో బాట ఉంది. పటేండ్ల మామిడితోటకు పోయే బాట. అక్కడ గేటు లేదు. బాట వదిలేసి ఫెన్సింగ్ నాలుగు గజాలు లోపలికి వేసుకున్నాడు. అంటే బాట వదలాలని ఆయనకు తెలుసు. ఎవరి బాట వదలాలో, ఎవరి బాట మూయొచ్చో కూడా తెలుసు. ఆ తెలివి ఎక్కడి నుంచి వచ్చింది? పట్నం నుంచి వచ్చిన కొత్త ఆసామికి కూడా ఊరు మొదట నేర్పే పాఠం అదే.

ఇది కొత్త పాఠం కాదు. కేరళలోని వైకోం చూడండి. మహాదేవుడి గుడి చుట్టూ నాలుగు దిక్కులా రోడ్లు. అదీ ఒక లూపే. ఆ రోడ్ల మీద ఈళవలు, పులయలు నడవకూడదు. క్రైస్తవులు నడవొచ్చు, ముస్లింలు నడవొచ్చు. 1924 మార్చి 30న ముగ్గురు చేయి చేయి పట్టుకుని ఆ నిషేధపు బోర్డు దిక్కు నడిచారు. ఒక పులయ, ఒక ఈళవ, ఒక నాయర్. కులం అడిగారు, అరెస్టు చేశారు. ఇరవై నెలలు సత్యాగ్రహం నడిచింది. చివరికి ఏమైంది? మూడు దిక్కుల రోడ్లు తెరిచారు. తూర్పు దిక్కు తెరవలేదు. లూప్ పూర్తి కాలేదు. గుళ్లతో సహా అన్నీ తెరవడానికి 1936 దాకా ఆగాల్సి వచ్చింది.

మా గేటు దగ్గర జరిగింది ఇదే లెక్క. బయటివాడు నడవొచ్చు. దారి పక్కన పుట్టినవాడు నడవకూడదు.

1927 మార్చి 20న అంబేడ్కర్ మహద్‌లో చేసింది కూడా ముందు నడకే. సభ దగ్గర నుంచి ఊరి నడి రోడ్డు మీద వేల మంది చవదార్ చెరువు దాకా నడిచారు. ఆ తర్వాతే నీళ్లు ముట్టారు. ఆ చెరువు అందరిదని మున్సిపాలిటీ అప్పటికే తీర్మానం చేసింది. తీర్మానం కాగితం మీద ఉంది. కాళ్లు కదిలితే తప్ప అది చెరువు దాకా రాలేదు.

చేన్ల గట్ల మీద నడక అంటే మీకు ఫోటోలు. మాకు చుండూరు. 1991 ఆగస్టు 6. పోలీసులు వస్తున్నారు పారిపొమ్మంటే చేలల్లోకి పరుగెత్తిన దళితులను వెంటాడి నరికారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్‌లో పడేశారు. ఎనిమిది మంది. దానికి మొదలు ఏంది? సినిమాహాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీటులోని వాడికి తగలడం. కాలు! 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. మా కాళ్లు ఎక్కడ తగలొచ్చు, ఎక్కడ తగలకూడదు అన్నది ఈ దేశంలో ఎన్నడూ సివిల్ తగాదా కాదు.

చట్టం కూడా అదే చెప్తుంది. రాజ్యాంగం 15(2) బావులు, చెరువులతో పాటు రోడ్లను ఊరికే రాయలేదు. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ తీసి చదవండి. సెక్షన్ 3(1)(జడ్ఏ). ఎస్సీ, ఎస్టీలను ఉమ్మడి వనరులు, శ్మశానం, వాగు, బావి, రోడ్డు, దారి అందరితో సమానంగా వాడుకోకుండా అడ్డుకుంటే, అడ్డుకున్నవాడు ఎస్సీ, ఎస్టీ కాకపోతే, అది నేరం. శ్మశానమూ అందులో ఉంది, దారీ అందులో ఉంది. అదే సెక్షన్‌లో చెప్పులు తొడుక్కోవడం, సైకిల్ ఎక్కడం కూడా ఉన్నాయి. 2015లో పార్లమెంటు కూర్చుని, దళితుడు చెప్పులు వేసుకోవడాన్ని అడ్డుకోవద్దు అని రాయాల్సి వచ్చింది. ఊరికి చెప్పులు కుట్టి ఇచ్చి, ఆ ఊరి వాకిట్ల ముందు తన చెప్పులు చేతపట్టుకుని నడిచిన కులం నాది. పదివేల రూపాయల బూట్ల మధ్య ఆ రోజు నేను ఏం చూశానో ఇప్పుడన్నా అర్థమవుతుందా?

మూడో జవాబు: "ట్రెక్కింగ్ వల్ల ఊరికి ఉపాధి వస్తుంది కదా?"

వచ్చింది. మా పిల్లగాడికి వాచ్‌మన్ నౌకరి వచ్చింది. మా తాళం మాకే వేయించే నౌకరి. ఉపాధి మాట నిజంగా అనేవాళ్లుంటే ఒక్క లెక్క చెప్పండి. బాట గ్రామానిది. నడిచినవాడు కట్టిన డబ్బు ఎవరికి పోయింది? గ్రామపంచాయతీకి రూపాయి రాలేదు. బాట వేసిన ఆడవాళ్లకు రూపాయి రాలేదు. ఊరు నడిపించాలి, గ్రామసభలో లెక్క చెప్పాలి, బాట పొద్దుమాపు అందరికీ తెరిచి ఉండాలి. అట్లా చేస్తే నేనే ముందు నడిచి దారి చూపిస్తాను, ఈసారి కూలి తీసుకుని.

నేను కలలు చెప్పట్లేదు. మా పక్కూరి తమ్ముడు ఇంగ్లండ్‌లో, షెఫీల్డ్‌లో చదువుకుంటున్నాడు. ఆదివారం వీడియో కాల్ చేశాడు. చుట్టూ గోధుమచేను. "అన్నా, ఎవని చేనో తెల్వదు. నడిమధ్యల నడుస్తున్న. ఎవ్వడు అడుగుతలేడు" అన్నాడు. వాడి గొంతులో సంతోషం కన్నా ఆశ్చర్యం ఎక్కువుంది. ఇక్కడ సొంతూళ్లో ఒకరి గట్టు మీద నడిస్తే ఎవని కొడుకువురా అని అడిగించుకున్న పిల్లగాడు.

అక్కడ ఆ బాటలు మ్యాపులో చట్టబద్ధంగా రాసి ఉంటాయి. చేను ఎవరిదైనా సరే, బాట జనానిది. చేను మధ్య బాటను దున్నితే 14 రోజుల్లో మళ్లీ నడవడానికి వీలుగా చేసి ఇవ్వాలి. ఇది దొరలు దయతో ఇచ్చింది కాదు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్, షెఫీల్డ్ మిల్లుల, ఫ్యాక్టరీల యువకులు నాలుగు వందల మంది దాకా కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి నిషేధం దాటి ఎక్కారు. అది డెవన్‌షైర్ డ్యూక్ పిట్టలవేటకు పెట్టుకున్న కొండ. ఐదుగురు జైలుకు పోయారు. ముందు నడిచిన బెన్నీ రోత్‌మన్‌కు ఇరవై ఏండ్లు, నాలుగు నెలల శిక్ష. తర్వాత 1949 చట్టం, ఆ తర్వాత 2000 చట్టం. డెబ్బై ఏండ్లకు, 2002లో, అప్పటి డ్యూక్ ఆ కొండ కిందికే వచ్చి తమ తాతల పనికి క్షమాపణ చెప్పాడు.

ఇంగ్లండ్ స్వర్గం అనట్లేదు. అక్కడ స్వేచ్ఛగా తిరిగే హక్కున్న నేల ఎనిమిది శాతమే. కానీ ఒక్కటి గమనించండి. ఆదివారం నడవాలనుకున్న కూలివాడు అక్కడ 'బాట నా హక్కు' అన్నాడు. ఇక్కడ ఆదివారం నడిచేవాడు 'బాటకు ఎంత?' అని అడిగి, ఫోన్‌లో కట్టి, లోపలికి పోతున్నాడు. కొనుక్కున్న నడక పక్కవాడి హక్కును తెరవదు. గేటుకు ఒక రేటు మాత్రం పెడుతుంది.

ఇప్పుడు మన వాళ్లకు. విద్యార్థి సంఘాల తమ్ముళ్లకు, చెల్లెళ్లకు.

మనం సెమినార్లలో భూమి గురించి గంటలు గంటలు మాట్లాడతాం. మీలో ఎంతమంది సొంతూరి నక్ష చూశారు? నేను నలబై రెండేండ్లు వచ్చేదాకా చూడలేదు. పాస్‌పుస్తకంలో ఎకరాలు, గుంటలు ఉంటాయి, బాట ఉండదు. ధరణి పోయి భూభారతి వచ్చింది. 2025లో, ఏప్రిల్ 14నే, బాబాసాహెబ్ జయంతి రోజే మొదలుపెట్టారు. మంచిదే. కానీ సర్వే నంబర్ల మధ్య మా పెద్దమ్మ పాడె పోయే బాట ఎవరి ఖాతాలో వెతకాలి? ఆ బాట ఉన్నది పాత గ్రామ నక్షలో. రెండు చుక్కల గీతలు పక్కపక్కన ఉంటే బండ్ల బాట. ఒక్క చుక్కల గీత ఉంటే కాలిబాట. మా బొందలగడ్డ బాట మా నక్షలో ఉంది. నేను కండ్లతో చూశాను. చేను అమ్మినవాళ్లకు ఆ బాట మీద హక్కు లేదు. కొన్నాయనకు ఎక్కడి నుంచి వచ్చింది?

చేయాల్సినవి చెప్తాను, రాసుకోండి.

ఒకటి, మీ ఊరి నక్ష నకలు తీసుకోండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి.

రెండు, సెలవులకు ఇంటికి పోయినప్పుడు వాడలో పెద్దమనుషులను వెంటబెట్టుకుని నక్షలో ఉన్న ప్రతి బాట నడవండి. ముఖ్యంగా ఆడవాళ్లను పిలవండి. ఏ బాట ఏ యేడు మూతపడ్డదో మొగవాళ్ల కన్నా వాళ్లకే బాగా తెలుసు. ఎందుకంటే దూరం పెరిగింది వాళ్ల నెత్తి మీద.

మూడు, మూసిన ప్రతి చోట గేటు, కంచె, కందకం ఫోటో తీసి, తారీఖు వేసి, తహసీల్దార్‌కు లిఖితంగా ఇవ్వండి. రసీదు లేకుండా కదలకండి. గ్రామసభలో తీర్మానం అడగండి. శ్మశానం బాట అయితే సెక్షన్ పేరు పెట్టి రాయండి.

ట్రెక్కింగ్‌కు వచ్చే మిత్రులకు ఒక్కటే. బుక్ చేసే ముందు ఒక ప్రశ్న అడగండి: ఈ బాటలో ఊరివాళ్లు అందరూ, అన్ని రోజులూ, పైసా కట్టకుండా నడుస్తున్నారా? జవాబు రాకపోతే రావద్దు. దామగుండం చెట్ల కోసం మీలో చాలామంది రోడ్డెక్కారు, నేనూ వచ్చాను. చెట్టు కోసం వచ్చిన మీరు పాడె కోసం కూడా రావాలి.

ఇంకో మాట, నాకోసం. మా నాయనకు ఇప్పుడు డెబ్బై రెండేండ్లు. జీవితమంతా నడిచాడు. కబురుకో, మోతకో, గొలుసుకో. ఏ పనీ లేకుండా, ఊరికే, గాలి కోసం నడిచింది ఎప్పుడన్నా ఉందా అని అడిగాను. చాలాసేపు ఆలోచించాడు. "ఎందుకు నడుస్తర్రా పనిలేకుండ?" అన్నాడు. నాకు ఆ హక్కు కూడా కావాలి. మా నాయన పనిలేకుండా నడిచే హక్కు.

దరఖాస్తు ఇచ్చాం. రసీదు ఉంది. సర్వేకు తారీఖు ఇంకా వేయలేదు. వచ్చే ఆదివారం పొద్దున ఆరు గంటలకు మేం వాడ నుంచి బొందలగడ్డకు, అక్కడి నుంచి గుట్ట అంచున తిరిగి, పటేండ్ల మామిడితోట బాటలో మళ్లీ వాడకు నడుస్తున్నాం. నక్షలో కొలిస్తే ఐదు కిలోమీటర్లకు కొంచెం తక్కువ. మా లూప్ అది. నక్ష నా చేతిలో ఉంటుంది, ముందు మా నాయన నడుస్తాడు. రాళ్లు ఆయనకు గుర్తే. రావాలనుకునేవాళ్లు ఇన్‌బాక్స్‌లో చెప్పండి. ఆ రోజు టోపీ తీసిన అమ్మాయి ఇది చదువుతుంటే, నువ్వు కూడా రా బిడ్డా. బుకింగ్ అవసరం లేదు.

గేటు దగ్గర ఏమైందో, హాస్టళ్ల రెండో భాగంతో పాటు వచ్చే వారం రాస్తాను.

జై భీమ్.